మునెమ్మ మాటకు నా ఇంగ్లీషు

నలభై ఏళ్లకు పైగా ఒక్క ఇంగ్లీషు వాక్యాన్ని మోస్తున్నాను. అది నేను పలికిందే. నా భార్యకు కూడా చెప్పలేదు, ఆమె చనిపోయింది కూడా. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఇంతవరకు రాయడానికే మూడుసార్లు కుర్చీలోంచి లేచాను.

డెబ్బైల చివర్లో మదనపల్లెలో డిగ్రీ ముగించి ఖాళీగా తిరుగుతున్నాను. కరువు పల్లెలకు తాగునీటి బోర్లు వేయడానికి ఒక విదేశీ సహాయ బృందం పుంగనూరులో మకాం పెట్టింది. వాళ్లకు దుబాసీగా చేరాను. రాళ్లను చదివి నీటి జాడ చెప్పే ఇంగ్రిడ్ అనే ఆమె వెంట తిరగడం నా పని. ఊళ్లలో ఆమెను దొరసానమ్మ అనేవాళ్లు. ఇక్కడ అడుగునంతా బండ, నీళ్లుండేది దాని పగుళ్లలోనే, ఇష్టమొచ్చినన్ని బోర్లు పొడిస్తే అన్నీ ఎండుతాయి అనేది ఆమె. అందుకే ఊరికి ఒక్కటే బోరు.

ఒకరోజు పెద్దపంజాణి వైపు జీపులో పోతుంటే అడిగింది: "మీ దగ్గర అంటరానితనం ఇంకా ఉందా?"

లేదన్నాను. చట్టం వచ్చాక పోయిందన్నాను. అదంతా మా తాతల కాలం మాట అని నవ్వాను కూడా. నేను ఊళ్లో పుట్టినవాణ్ణి, వాడలో కాదు. నవ్వడం నాకు సులువు.

ఆ మధ్యాహ్నం మేం పోయిన ఊళ్లో ఇంగ్రిడ్ రెండు చోట్ల గుర్తు పెట్టింది. ఒకటి చావడి ముందు, రెండోది ఊరికి దూరంగా ఉన్న హరిజనవాడ పక్కన. రెండు చోట్లా నీళ్లు పడతాయంది. ఎవరికి ఎక్కువ అవసరమో ఆడవాళ్లే చెప్పాలి, అక్కడే వేద్దాం అంది. వాడలోకి పోయాం. మునెమ్మ అనే ఆమె ముందుకు వచ్చింది. పక్కన పదిహేనేళ్ల కూతురు లక్ష్మి.

"మా బాయి ఉగాదికే ఎండిపోతాదప్పా. ఆ పైన ఊరి బాయికాడికి పోయి నిలబడాల. మేం తాకగూడదు. ఎవురన్నా తోడి కడవలో పోస్తే పోసినట్టు, లేకుంటే లేదు. పొద్దున పోతే మద్దేన్నమైతాది. ఆయమ్మకి జెప్పప్పా, బోరు ఈడ ఎయ్యమని."

ఇంగ్రిడ్ నా వైపు చూసింది. మునెమ్మ నా వైపు చూసింది.

"ఎండాకాలంలో ఊరి బావి నుంచి నీళ్లు ఇస్తారట, ఇబ్బంది లేదంటోంది" అన్నాను ఇంగ్లీషులో.

ఎందుకన్నాను? ఎవరూ నన్ను బెదిరించలేదు. ఊరి పెద్దలు మధ్యాహ్నం పెట్టిన భోజనం గుర్తొచ్చిందా? పరాయి మనిషి ముందు దేశం పరువు కాపాడానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను, అలా చెప్పుకుంటే కాస్త గొప్పగా ఉండేది. అది కాదు. ఉన్నదున్నట్టు చెబితే పొద్దున జీపులో నేనన్నది అబద్ధమని తేలుతుంది. అంతే. నా నవ్వును కాపాడుకోవడానికి వాళ్ల నీళ్లు అడ్డం పెట్టాను.

బోరు చావడి ముందు పడింది. నీళ్లు ఎగజిమ్మితే ఇంగ్రిడ్ తడిసి చిన్నపిల్లలా నవ్వింది. చేతిపంపు బిగించారు. వాడ ఆడవాళ్లు ఆ పిడి పట్టుకోవడానికి లేదు. ఊరిబావి దగ్గర నిలబడినట్టే అక్కడా నిలబడ్డారు.

మరుసటి ఎండాకాలం వాడవాళ్లు ఏటి ఇసుకలో చెలమలు తవ్వుకున్నారు. నీళ్లు లోతుకు పోయేకొద్దీ గుంత లోతయింది. ఒకరోజు దిగి ముంతతో తోడుతుంటే గట్టు విరిగి పడింది. లోపల ఉన్నది లక్ష్మి. ఇసుక తీసేసరికి ప్రాణం లేదు.

ఈ మాట మా జీపు డ్రైవరు చెప్పాడు. అప్పటికి ఇంగ్రిడ్ తన దేశం వెళ్లిపోయింది. నేను ఆ ఊరికి పోలేదు. పోయి ఉంటే ఏం చేసేవాణ్ణి? ఈ ప్రశ్న కూడా తప్పించుకోవడానికేనేమో.

చాలా ఏళ్ల తర్వాత కుప్పంలో వేరే ఉద్యోగం చేస్తుండగా, బస్టాండు దగ్గర సీతాఫలాలు అమ్ముకునే ఒక ముసలామె నన్ను ఎగాదిగా చూసింది. నేను పోల్చుకోకముందే ఆమె పోల్చుకుంది.

"దొరసానమ్మ కాడ ఉండిన అప్పవి గదా నువ్వు?"

అవునన్నాను.

"నువ్వు జెప్తివి. ఆయమ్మే ఇనకపాయ. పరాయి దేశపామె, మా బాద ఆమెకేం తెలుస్తాది? నువ్వేం జేస్తావులే నాయనా. నా బిడ్డ రాత అట్లుండె."

ఒక పండు తీసి నా చేతిలో పెట్టింది. చెప్పాల్సింది అప్పుడే. జనం అటూ ఇటూ పోతున్నారు, ఆమె నన్నే చూస్తోంది, నోరు తెరిచాను.

"అవునమ్మా, వినలేదు" అన్నాను.

మొదటిసారి అన్నప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. తెలియనితనం అనుకోవచ్చు. ఈసారి ఏమనుకోవాలి? ఆ తర్వాత కుప్పంలో ఉన్నన్నాళ్లూ బస్టాండుకు పోకుండా, మలుపు దగ్గర చెయ్యెత్తి బస్సు ఆపుకునేవాణ్ణి. కొన్నాళ్లకు ఆమె అక్కడ కనబడటం లేదని ఎవరో అన్నారు. ఎక్కడికి పోయిందని అడగలేదు.

క్షమించమని ఎవరినీ అడగడం లేదు. క్షమించగలిగిన మనిషి ముందు నిలబడి కూడా అబద్ధమాడినవాణ్ణి. ఆమెకు బాకీపడిన మాట మాత్రం ఇక్కడైనా అనేస్తాను.

ఆయమ్మ వినకపోవడం కాదు మునెమ్మా. నేను చెప్పలేదు.