ఉర్దూ పుస్తకం

నాగకుమారి బోధన్ పక్కన స్థిరపడిన ఆంధ్రా రైతుల అమ్మాయి. నిజాం కాలపు కాలువల చరిత్ర రాయడానికి రోజూ నిజామాబాద్ గ్రంథాలయానికి వచ్చేది. ఉర్దూ రాదు. అయినా ఇతరుల వ్యాసాల చివర కనిపించిన ఉర్దూ పుస్తకాల పేర్లన్నీ తన ఆధారాల జాబితాలో చేర్చుకుంది. వాటిలో ఒకటి బల్లమీద తెరిచిపెట్టుకుని, పైట సర్దుకుంటూ నెమ్మదిగా పేజీలు తిప్పేది.

ఒకరోజు, కంటి ఆపరేషనైన వీరస్వామి అనే ముసలాయన పక్కకొచ్చి కూర్చున్నాడు.

"బిడ్డా, మా ఊరు చందూరు ముచ్చట గిండ్ల రాసిండ్రట. నువ్వు రోజు సదువుతవు గద, జర ఇనిపియ్యి."

ఆమె చెవులు వేడెక్కాయి. "నాకు ఉర్దూ రాదు తాతగారూ."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఫికర్ జెయ్యకు. నేను ఎవ్వలకు జెప్ప."

చదవని పుస్తకాల పేర్లు రాసుకోవడం అందరూ చేసేదేలే అని అప్పటిదాకా అనుకున్న నాగకుమారి, ఆ మాటతో తల ఎత్తలేకపోయింది.