బంధుత్వం: అనువాదం

జైలు అధికారి గారి సముఖమునకు,

పేరు కెబొనాంగ్. వయస్సు డెబ్బై రెండు. విశ్రాంత కోర్టు దుబాసీ. ఈ లేఖకుడు ఆయనను ముప్పై ఏళ్లుగా ఎరుగును. ఎవరైనా "నా హక్కు" అంటే చాలు, "తగునా?" అని అడగనిదే ఆయనకు ముద్ద దిగదు.

తప్పు ఆయనది కాదు, మన సెత్స్వానా భాషది. హక్కుకూ, తగిన పనికీ మనకున్నది "త్స్వానెలో" అనే ఒక్కటే మాట. "మౌనంగా ఉండే హక్కు నీకున్నది" అని న్యాయాధికారి ఇంగ్లీషులో సెలవిస్తే, కెబొనాంగ్ నోట అది "నోరు మెదపకుండుట నీకు తగును" అయ్యేది. మేక దొంగతనం కేసులో ఒక ముసలమ్మ పేరడిగినా పలకలేదు.

"పేరైనా చెప్పవమ్మా!" అన్నారు న్యాయాధికారి.

"నన్నడుగుతారేం? నోరెత్తితే మర్యాద కాదని ఈ పెద్దమనిషే గదా అన్నాడు!"

పొరుగింటి మోసెకీ తన రేడియో హోరెత్తించేవాడు.

"నా ఇల్లు, నా రేడియో, నా హక్కు!"

"హక్కే నాయనా. తగునా?"

"నీతో మాట్లాడటం నాదే తప్పు తాతా!"

రేడియో ఆగింది, మాటలూ ఆగాయి. క్రమంగా ఊరంతా ఆయన ఎదురుపడితే పక్కదారి పట్టింది. భార్య పోయాక ఆ వాకిట్లో "తగునా?" అంటే బదులు పలికేది ఒక్క కోడిపుంజే.

ఆయన కొలువులో చివరి కేసు తెందాయిది. నది అవతలి దేశంవాడు, మన భాష నేర్చినవాడు. శిక్ష చదివాక న్యాయాధికారి, సందర్శకులను కలిసే హక్కు ఉన్నదన్నారు. "నిన్ను చూడ మనుషులు వచ్చుట తగును" అన్నాడు కెబొనాంగ్.

తెందాయి నవ్వాడు. "ఎవరొస్తారు తాతా? మావాళ్లంతా అవతలి ఒడ్డునే."

ఆ మాట ముల్లులా దిగింది. ఆ వారం నుంచి ప్రతి ఆదివారం కెబొనాంగ్ మీ గేటు వద్ద హాజరు. అడిగినవారికి "నా అనువాదం సరిచూసుకోవాలి" అనేవాడు. ఒక్క వాక్యం సరిచూడటానికి ఏడేళ్లు పట్టింది. ఇంకా పూర్తి కాలేదు.

గత నెల కొత్త కాపలాదారు ఆపాడు. "బంధువులకే ప్రవేశం. అతను నీకేమవుతాడు?"

"నా వాక్యం అవుతాడు."

"పోవయ్యా తాతా, ఎండెక్కువైంది నీకు!"

నాటి నుంచి ఆదివారాల్లో ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుని, తొడుక్కుని, వాకిట్లోనే కూర్చుంటున్నాడు. లోపల తెందాయి కూడా "తాతకు ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతున్నట్లు వినికిడి.

కావున, సందర్శకుల పట్టీలో బంధుత్వం అన్నచోట "అనువాదకుడు" అని రాసి, ఆయనను లోనికి అనుమతింపవలసిందిగా సవినయంగా ప్రార్థన. ఇది ఆయనకు హక్కు అని రాయాలో, తమకు తగును అని రాయాలో లేఖకుడు చాలాసేపు ఆలోచించాడు. మన భాషలో రెండింటికీ ఒకటే మాట గనుక, అదే రాశాడు.