మా అమ్మ చెప్పిన సాక్ష్యం

ఆ రోజుల్లో మా వైపు మనిషికి రెండే జబ్బులుండేవి. ఒకటి గ్యాసు, రెండోది బీపీ. ఈ రెండింట్లో ఇమడకుండా ఎవరైనా కాస్త తేడాగా ఉంటే దాన్ని పొగరు అనేవారు. నాకున్నది పొగరేనని ముందు మా ఊళ్ళో, తర్వాత రాజమండ్రి హాస్టల్లో, ఆ తర్వాత కాకినాడలో నేను ఎమ్మెస్సీ చదివిన డిపార్టుమెంటులో అందరూ ఏకగ్రీవంగా తేల్చేశారు. ఎదుటివాళ్ళ మొహంలోకి చూడను, పలకరిస్తే పలకను, పెళ్ళిళ్ళకి రాను. పొగరే అయ్యుంటుందని నేనూ నమ్మేశాను. (పొగరున్నవాడికి లోపల అంత భయమెందుకేస్తుందో మాత్రం అర్థమయ్యేది కాదు.)

మొదటి ఏడాది చివర వైవా. బయటి ఊరినుంచి వచ్చిన ఎగ్జామినరుగారు, పక్కన మా హెడ్డుగారు, నెత్తిమీద జుయ్యిమంటున్న ట్యూబులైటు. ఆ చప్పుడు వాళ్ళిద్దరికీ వినపడకపోవడమేంటో! గోడవైపు చూస్తూ మొదటి ప్రశ్నకి జవాబు చెప్పాను. "ప్రశ్న అడిగింది గోడ కాదయ్యా, నేను" అన్నారాయన. సరేనని ఆయన కళ్ళలోకి చూశాను. చూడగానే, చదివిందంతా పలక తుడిచినట్టు పోయింది. లేచి బయటికొచ్చేశాను. మళ్ళీ వైవా రెండు నెలల్లో అన్నారు. "ఈసారి కూడా ఇదే వరసైతే టీసీ పట్టుకుపో" అన్నారు హెడ్డుగారు.

ఆ బెంగతోనే ఒక సాయంత్రం ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, ట్యూబులైటు చప్పుడు కొందరినే ఎందుకు బాధపెడుతుందని వెతుకుతుంటే ఆటిజం గురించిన పేజీ ఒకటి కంటబడింది. చదువుతుంటే, చిన్నప్పట్నుంచీ ఎవరో నా వెనకాలే నడిచి రాసుకున్నట్టుంది. మర్నాడే ఒక పెద్ద డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాను. "ఆటిజం చిన్నపిల్లలకొచ్చేదయ్యా. నువ్వు ఎమ్మెస్సీ చదువుతున్నావు" అని టానిక్కు రాసిచ్చారాయన. (అది నా రూమ్మేటు తాగాడు. అప్పటికింకా ఏ ఉద్యోగమూ లేకపోయినా దర్జా చూసి వాణ్ణి కలెక్టరు అనేవాళ్ళం. వాడికి బాగానే పనిచేసింది.) ఇంకొకావిడ బెంగుళూరులో చదివి కొత్తగా వచ్చారంటే ఆవిడ దగ్గరికెళ్ళాను. గంటసేపు ఓపిగ్గా విన్నారు. నేను గోడమీది క్యాలెండరుతో మాట్లాడుతున్నా ఏమీ అనుకోలేదు. చివరికి, "మీ చిన్నప్పటి సంగతులు తెలిసినవాళ్ళు చెబితే గానీ నేనేమీ తేల్చలేను. మీ అమ్మగారిని తీసుకురండి" అన్నారు. వైవాకి పన్నెండు రోజులే ఉంది.

మా అమ్మంటే రావులపాలెం మార్కెట్లో అరటిగెలల బేరగాళ్ళే పక్కకి తప్పుకునే మనిషి. ఆవిడకేం చెప్పి రప్పించాలి? "కళ్ళ సమస్య అని చెప్పరా. నీది కళ్ళలోకి చూడలేకపోవడమేగా, అబద్ధం కాదు" అన్నాడు కలెక్టరు. నాకూ సబబుగానే తోచింది. ఆదివారం పొద్దున్నే అమ్మ బస్సు దిగి, నాతో ఆస్పత్రి గేటు దాకా వచ్చి, బోర్డు చదివి ఆగిపోయింది.

"కళ్ళకి మానసిక వైద్యులేంట్రా?"

ఉన్నదంతా చెప్పేశాను. అమ్మ మొహం పాలిపోయింది. పమిట నెత్తిమీదికి లాక్కుని వీధికి అటూ ఇటూ చూసింది. "పిచ్చని రాయించుకుంటావా? మనూళ్ళో తెలిస్తే ఇంకేమైనా ఉందా?" అంటూ బస్టాండువైపు నడక మొదలుపెట్టింది.

"ఈసారి కూడా తప్పితే నేనింక చదవలేనమ్మా. నాకేంటో నాకు తెలియాలి" అన్నాను, గేటు పట్టుకుని. అంత గట్టిగా నేను మాట్లాడటం ఆవిడ ఎప్పుడూ విన్నట్టు లేదు. పది అడుగులేసిన మనిషి ఆగింది.

"ఆడ డాక్టరేనా?"

"అవునమ్మా."

"పద. ఆవిడకే నాలుగు మాటలు చెప్పిపోదాం."

కుర్చీలో కూర్చుంటూనే అమ్మ మొదలెట్టింది. "మావాడికేం లేదండి. బంగారమండి."

"మాటలెప్పుడొచ్చాయండి?"

"నాలుగో ఏడొచ్చాక వచ్చాయండి. వచ్చాక చూడాలి! మా తోటలో ఏ వరసలో ఎన్నో చెట్టు గెలేసిందో గడగడా అప్పజెప్పేసేవాడు."

డాక్టరుగారు రాసుకున్నారు. "స్నేహితులుండేవారా?"

"ఎందుకుండరండి? కాలవ లాకుల దగ్గర సూపర్వైజరుగారుండేవారు. యాభై ఏళ్ళాయన. వీడు రోజంతా ఆయన పక్కన కూర్చుని లాకు తలుపులు చూసేవాడు. ఇద్దరూ ఒక్క మాటనుకునేవారు కాదండి, అంత స్నేహం."

"తిండి?"

"పేచీయే లేదండి. మూడు పూటలా పెరుగన్నం. కంచం మారిస్తే తప్ప ఏడ్చేవాడే కాదు."

నేను ఆ కలాన్నే చూస్తున్నాను. అది ఆగడం లేదు. ఉందంటారని ఒక భయం, లేదంటారని ఇంకో భయం. లేదంటే మళ్ళీ పొగరే గతి. అమ్మా కలం వంక చూసింది. "ఏంటండీ, నేను మంచివన్నీ చెబుతుంటే మీరు కేసు రాస్తున్నారు?"

డాక్టరుగారు కలం కింద పెట్టారు. "మంచివేనండి. అన్నీ కలిపితే దానికొక పేరుంది. ఆటిజం అంటారు. పిచ్చి కాదండి, పుట్టుకతో వచ్చిన తీరు."

"మందు?"

"లేదండి. అవసరమూ లేదు."

నేనెప్పుడూ వినని చిన్న గొంతుతో అంది అమ్మ. "మా తమ్ముడి పెళ్ళిలో బ్యాండు మోగుతుంటే వీడు చెవులు మూసుకుని కిందపడి దొర్లాడండి. పరువు తీస్తున్నాడని అందరి ముందూ కొట్టాను."

"నాకు గుర్తు లేదమ్మా" అన్నాను.

"నాకుంది" అంది అమ్మ.

డాక్టరుగారిచ్చిన ఉత్తరం హెడ్డుగారికి నేనిస్తానంటే అమ్మ వినలేదు. రాత్రికి మా చుట్టాలింట్లో ఉండి, సోమవారం తనే పట్టుకెళ్ళి ఆయన చేతిలో పెట్టి, ఆయన చదివేదాకా ఎదురుగా నిలబడింది. వైవా రోజున ట్యూబులైటు తీసేసి కిటికీలు తెరిచారు. జవాబులు బోర్డుమీద రాసి చెప్పనిచ్చారు. మార్కులు గొప్పగా రాలేదు గానీ, గట్టెక్కాను. "ముందే చెప్పొచ్చు కదయ్యా" అన్నారు హెడ్డుగారు. ముందు నాకే తెలిస్తేగా!

పేరు తెలిసింది కాబట్టి ఇంక మారిపోతానని ఆ వయసులో గట్టిగా అనుకున్నాను. ఏమీ మారలేదు. ఇప్పటికీ వీధిలో ఎవరైనా "బాగున్నారా" అంటే, జవాబు ముందు మనసులో రాసుకుని, దిద్దుకుని, అప్పుడు నోరు తెరుస్తాను. ఆపాటికి వాళ్ళు నాలుగిళ్ళు దాటిపోయుంటారు. అప్పట్లో అయితే దానికే వారం రోజులు కుమిలిపోయేవాణ్ణి. ఇప్పుడు వెనకనుంచి కేకేసి మరీ చెబుతున్నాను, "బాగున్నానండీ" అని.