వేట ఆగేదాకా చెప్పని కథ

శనివారం సంచుల్లేకుండా బడికి రావాలనీ, పిల్లల్ని ఆసక్తుల ప్రకారం గుంపులు చేయాలనీ పైనుంచి చెప్పారు. ఆసక్తులు కలిస్తే స్నేహాలు కలుస్తాయని మా హెడ్మాస్టరు గారు శిక్షణలో విని వచ్చారు. అక్కడ పకోడీ కూడా బాగుందట. నేను కొత్తగా చేరిన తాత్కాలిక మాస్టారిని కాబట్టి పని నా మీద పడింది.

మా హైస్కూలు శ్రీకాకుళం జిల్లాలో, సముద్రానికీ వరిచేలకీ మధ్య ఉంటుంది. రైతుల పిల్లలు ముందు బెంచీల్లో, చేపల ఊరి పిల్లలు వెనక. ఎవరూ గీత గీయలేదు, ఎవరూ దాటలేదు. చేపల ఊరి నుంచి తొమ్మిదో తరగతికి వచ్చే ఆడపిల్ల ఒక్కతే. మధ్యాహ్నం కుళాయి వెనక ఒంటరిగా కూర్చుని గుడ్డు ఒలుచుకునేది.

వాళ్ళమ్మ బస్టాపులో చేపలు అమ్ముతుంది. ఒకరోజు నన్ను ఆపింది.

"బాబూ, మా పిల్ల బళ్ళో ఎవులితోటీ మాటాడదు. ఇంటికొచ్చి గోడతో మాటాడతాది. ఈ ఏడు సూస్తాను. ఇలాగే ఉంతే మానిపించీసి గంప ఎత్తించీస్తాను. నాకు తోడైనా ఉంతాది."

గోడ ఏమంటుందని అడగబోయి ఆగాను. ఆవిడ చేతిలో కత్తి ఉంది.

శనివారం బోర్డు మీద ఆసక్తులు రాశాను. క్రికెట్‌కి చేతులెత్తమంటే కిటికీ దగ్గరున్న ప్యూను కూడా ఎత్తాడు. చివర్లో నవ్వించడానికి 'దెయ్యాలు' అని రాశాను. ఎవరూ నవ్వలేదు. రెండు చేతులు లేచాయి. ఒకటి వెనక బెంచీలో ఆ పిల్లది, రెండోది ముందు బెంచీలో ఒక రైతు కూతురిది. పెళ్ళికి ఒకే రంగు చీర కట్టుకొచ్చిన తోడికోడళ్ళలా ఒకరినొకరు చూసుకున్నారు.

దెయ్యాల గుంపుకి సైకిళ్ళ షెడ్డు ఇచ్చాను. రైతు కూతురు మొదలెట్టింది. వాళ్ళ మోటారు షెడ్డులో దెయ్యం ఉందట, కరెంటు ఉంటే రాదట. మా వైపు కరెంటు సంగతి తెలిసినవాణ్ణి కనక ఆ దెయ్యానికి తీరిక ఉండదనుకున్నాను.

"ఇప్పుడు నువ్వు సెప్పవే. సముద్రం కత," అంది.

చేపల ఊరి పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఉన్నాది గానీ, సెప్పకూడదు."

"ఎందుకు సెప్పకూడదు?"

"మా నాన్న సేపల ఏటలో ఉన్నాడు. ఇంటి మనిసి సముద్రం మీదుండగా మునిగిపోనోల కత సెప్పకూడదు."

వాళ్ళ నాన్న విశాఖ హార్బరులో పెద్ద బోటు మీద పనిచేస్తాడు. ఆ బోటు ఐసు నింపుకోవడానికి ఒడ్డుకొచ్చి మళ్ళీ పోతుంది. ఆయన ఇంటికొచ్చేది చేపలు గుడ్లు పెట్టే ఎండాకాలంలో, వేట ఆపించినప్పుడే. బడికీ సెలవులు అప్పుడే. ఆ కథ బడిలో ఎన్నటికీ వినబడదన్నమాట. చేపలకీ పిల్లలకీ కలిపి సెలవులిచ్చిన ప్రభుత్వం మాది.

రైతు కూతురు పట్టు వదల్లేదు. ప్రతి శనివారం తన దగ్గరున్న దెయ్యాల్ని ఖర్చుపెట్టింది. అవి అయిపోయాక వాళ్ళ మేనత్తని కూడా దెయ్యాన్ని చేసి చెప్పింది. ఎదుటి పిల్ల నోరు తెరుచుకుని వినేది. కొన్నాళ్ళకి కుళాయి వెనక రెండు గుడ్ల పెంకులు కనబడ్డాయి. నాకు సంతోషమై తెలివి ఎక్కువైంది.

"దెయ్యాలు లేవు గదా, చెప్పేయ్, ఏమవుతుంది?" అన్నాను.

చేపల ఊరి పిల్ల నా వైపు తిరిగింది. "మీ నాన్న ఏటి సేస్తారు మాస్టారూ?"

"రాజాంలో బట్టల కొట్టు."

"మరే," అంది.

ఆ ఒక్క మాటకి నా దగ్గర హాస్యం దొరకలేదు. ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను.

వేసవి సెలవులిచ్చారు. జూన్‌లో బడి తెరిచేసరికి ఆ పిల్ల లేదు. హార్బరు దగ్గర గది దొరికిందట, నాన్నకి వండిపెట్టడానికి అందరూ వెళ్ళిపోయారట. వాళ్ళమ్మ గంప ఎత్తించలేదు. బడి మాత్రం మానిపించింది. అక్కడ చేర్పిస్తారని ఎవరో అన్నారు. ఎవరో అన్నదే నాకు తెలిసింది.

ఒక్కళ్ళున్నదాన్ని గుంపు అనరు, మిగిలిన పిల్లని క్రికెట్‌లో కలిపెయ్యండి అన్నారు హెడ్మాస్టరు గారు. చెబుదామని షెడ్డుకి వెళ్ళాను. రైతు కూతురు ఒక్కతే కూర్చుని ఉంది, పక్కన చోటు వదిలి.

"సెలవుల్లో సైకిలేసుకుని ఆల ఊరెల్లాను మాస్టారూ," అంది. "ఆల నాన్న గుమ్మంలో వల బాగుసేస్తన్నాడు. అప్పుడు సెప్పింది. మొత్తం ఇన్నాను."

ఏడాదిగా నేనూ ఎదురుచూస్తున్న కథ. "అయితే చెప్పు," అన్నాను.

ఆ పిల్ల నా వైపు జాలిగా చూసింది.

"ఇప్పుడెలా సెప్తాను మాస్టారూ? మొన్న ఏట తెరిసీసేరు. ఆల నాన్న ఎల్లిపోనాడు కదేటి."

నేను క్రికెట్ సంగతి ఎత్తలేదు. వదిలిన చోటులో కాకుండా, కొంచెం ఎడంగా కూర్చున్నాను.