ఆరని రంగుల గోల్కొండ సేన

అరబ్బు ఎడారిలోని సజ్జా ఎండలో రంగు డబ్బా మూత తీసి పక్కకు తిరిగేలోగా పైన పొర కట్టేస్తుంది. అలాంటి చోట కూడా గ్యారేజీ పెయింటరు రాజలింగు వేసిన రంగు ఆరేది కాదు. లారీలకు వేసింది కాదు లెండి. పొద్దున రంగు వేస్తే మధ్యాహ్నానికల్లా ఆ లారీ రోడ్డెక్కేది. బొమ్మ సైనికుడికి వేసిన రంగు మాత్రం ఈ శుక్రవారం నుంచి వచ్చే శుక్రవారం దాకా పచ్చిగానే ఉండేది. దానివల్ల గోల్కొండ యుద్ధం ఎన్నిసార్లు వాయిదా పడిందో లెక్కపెట్టడం వంటమనిషి సూరిబాబు ఎప్పుడో మానేశాడు.

సజ్జా లేబర్ క్యాంపులోకి గోల్కొండ ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. 1984లో కంపెనీ ఇంజనీరొకాయన ఇంగ్లండు వెళ్లిపోతూ స్టోర్‌కీపర్ గులాం మొహిద్దీన్ చేతిలో ఒక పుస్తకం, కొన్ని పాచికలు పెట్టిపోయాడు. బల్ల మీద బొమ్మ సైన్యాలను నిలబెట్టి, టేపుతో కొలిచి నడిపించి, పాచికలు వేసి పాతకాలపు యుద్ధాలను మళ్లీ జరిపించే ఆట అది. గుర్రం ఎన్ని అంగుళాలు నడవాలి, ఫిరంగి ఎంత దూరం పేలాలి, ఏ అంకె పడితే ఎవడు చావాలి, అన్నీ పుస్తకంలో ఉన్నాయి. సైనికులే లేరు.

ఆట సంగతి వినగానే సూరిబాబు గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. అతనిది అమలాపురం దగ్గర.

"బొబ్బిలి యుద్ధం పెడదామండీ!"

"నీది కోనసీమ గదా తమ్మీ. బొబ్బిలి నీదెట్లయితది?" అన్నాడు రాజలింగు. ఆయనది జగిత్యాల దిక్కు. "గోల్కొండ పెట్టుండ్రి సాబ్. కోట నాది, మొగలాయి ఫౌజు సూరిబాబుది."

"మొగలాయిలకి ఏనుగులుంటాయాండీ?"

"బేషుగ్గ ఉంటయి," అన్నాడు మొహిద్దీన్.

"అయితే ఖాయమండి బాబూ!"

ఆ ఊపులో సూరిబాబు చపాతీ పిండితో ఏనుగులనూ గుర్రాలనూ చేసి పెనం మీద కాల్చాడు. రాజలింగు ఒక గుర్రాన్ని తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఇది యుద్ధానికా, చాయ్‌ల ముంచుకోనీకా?"

ఆ మరునాటికి మొగలాయి అశ్వదళం ఎలకల పాలైంది. చెత్తపని చూసి ఊరుకోవడం రాజలింగుకు చేతకాదు. అందుకని శత్రుసేనను కూడా తనే చేస్తానని ఒప్పుకున్నాడు.

చేయడమంటే అలా ఇలా కాదు. రాగి తీగ మెలితిప్పి చేతులూ కాళ్లూ వంచాలి. దాని మీద లారీల సొట్టలు పూడ్చే పుట్టీ ఎక్కించి, ఆకురాయితో అరగదీసి, రెడాక్సైడ్ పూసి, ఆపైన అసలు రంగు వేయాలి. ఏనుగు పొట్టకు మాడిపోయిన బల్బు. కళ్లూ మీసాలూ దిద్దే కుంచెకు దుకాణంలో దొరికే వెంట్రుక పనికిరాలేదు. రాజలింగు అద్దం ముందు నిలబడి తన మీసంలోంచే పీక్కునేవాడు. సైన్యం పెరుగుతున్న కొద్దీ ఆయన ఎడమవైపు మీసం తరిగిపోతూ వచ్చింది.

"కుడివైపు కూడా పీకు భాయ్, మనిషి సమానమైతవు," అనేవాడు మొహిద్దీన్.

"అది ఫిరంగోళ్లకు దాచిన సాబ్."

సైన్యాలు సిద్ధమయ్యాయి. సెలవు రోజైన శుక్రవారం మధ్యాహ్నం మెస్‌లో రెండు బల్లలు కలిపి దుప్పటి పరిచారు. క్యాంపంతా చుట్టూ మూగింది. సూరిబాబు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పాచికలు కళ్లకద్దుకున్నాడు. అప్పుడొచ్చాడు రాజలింగు, ఖాళీ చేతులతో.

"ఇంక ఆరలే."

ఆ పై శుక్రవారమూ అదే మాట. తర్వాత గాలిలో తేమ అన్నాడు. ఇసుక తుఫాను అన్నాడు. ఒకసారి గుర్రాల తోకలు ఆరలేదన్నాడు.

"తోకలతో యుద్ధం చేస్తాయేంటండీ? ఎనక్కి తిప్పి నిలబెట్టండి!" అని సూరిబాబు నెత్తి కొట్టుకున్నాడు.

అసలు సూరిబాబుకు మండింది తోకల గురించి కాదు, లచ్చన్న గురించి. లచ్చన్న క్రేన్ ఆపరేటరు. రాజలింగు గదిలోనే మంచం. సైన్యాలు తయారవుతున్న రోజుల్లోనే రెండు పైపుల మధ్య పడి అతని కుడిచెయ్యి నలిగింది. కట్టు విప్పాక వేళ్లు కర్రముక్కల్లా బిగుసుకుపోయి ముడుచుకోవడం మానేశాయి. డాక్టరు పిసకమని రబ్బరు బంతి ఇస్తే, "నేనేమన్న పోరన్నా?" అని దాన్ని మంచం కిందికి తన్నాడు. వచ్చే నెల ఒకటో తారీఖున ముదీర్, అంటే అరబ్బు మేనేజరు, ఎదుట క్రేన్ నడిపి చూపించాలి. లివరు తిప్పలేకపోతే వీసా కేన్సల్, ఇంటికి టికెట్. ఆ దిగులుతో అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు.

అలాంటి మనిషితో రాజలింగు వెట్టిచాకిరీ చేయించసాగాడు!

"లచ్చన్నా, లే. పుట్టీ పిసుకు. గట్టిపడితే నా పనంత ఖరాబైతది."

"లచ్చన్నా, ఈ తీగ వంచు."

"లచ్చన్నా, గీ గుండీలు నువ్వే దిద్దాలె. నా కండ్లు ఆనుతలేవు."

సూరిబాబు చూడలేకపోయాడు. "మీకు బొమ్మలు తప్ప మనుషులు కనపడరాండీ? ఆయన చెయ్యి పోయి ఏడుస్తుంటే గుండీలు దిద్దిస్తారా?"

"గుండీలు లేకుంటె అంగి ఎట్లుంటది తమ్మీ?" అని రాజలింగు తన పని తాను చూసుకున్నాడు.

ఒక గురువారం సాయంత్రం సూరిబాబు చాయ్ పట్టుకుని గ్యారేజీకి వెళ్లాడు. గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. ముందు థిన్నర్ డబ్బా పెట్టుకుని రాజలింగు అందులో ఒక్కొక్క మొగలాయి గుర్రపురౌతునూ ముంచి తీస్తున్నాడు. ఎర్ర కోట్లు, బంగారు తలపాగాలు, గుండీలు కరిగి కారిపోతున్నాయి.

"ఓరి నాయనోయ్! నా ఫౌజుని చంపేస్తున్నాడ్రోయ్!"

"అరే, మెల్లగ! లచ్చన్న ఇంటడు!" రాజలింగు లేచి అతని నోరు మూశాడు.

"ఆరలేదు ఆరలేదని, ఆరినవన్నీ కడిగేస్తున్నారాండీ?"

"ఎప్పుడో ఆరినయి. ఆరకేం చేస్తయి, ఈ ఎండల?" రాజలింగు డబ్బా మీద కూర్చున్నాడు. "బంతి పిసుకుమంటె పిసుకలే. నా పని ఆగిపోతదంటె లేసిండు. మొదలు పుట్టీ పిసికిండు, తర్వాత తీగ వంచిండు, ఇప్పుడు కుంచె పడుతున్నడు. యుద్ధమైపోయిందనుకో, పనేముంటది? మల్ల గోడదిక్కు తిరుగుతడు. అందుకే ఆయన దిద్దుతడు, నేను కడుగుత."

"ఆయనకే చెప్పొచ్చు కదండీ?"

"చెప్తె తన మీద జాలి పడుతున్నమని కుంచె ఇసిరికొడతడు. మాదొక్కటే ఊరు గాదా, నాకెరుక."

సూరిబాబు తనకిష్టమైన సేనాపతి బొమ్మను తనే తీసి థిన్నర్‌లో ముంచాడు.

మరునాడు మెస్‌లో జనం యుద్ధం, యుద్ధం అని బల్లలు చరిచారు. రాజలింగు నోరు తెరిచేలోగా సూరిబాబు ఒక ఏనుగును వేలితో ముట్టి, ఆ వేలు పైకెత్తి చూపించాడు.

"పచ్చి పచ్చిగా ఉందండీ! వచ్చే వారం చూద్దాం!"

మొహిద్దీన్ కళ్లద్దాలు తీసి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

ఒకటో తారీఖు రానే వచ్చింది. యార్డులో క్రేన్ ముందు ముదీర్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సూరిబాబు పొయ్యి మీద పప్పు వదిలేసి వచ్చి కంచె పట్టుకుని నిలబడ్డాడు. అవతల రాజలింగు లారీకి రంగు కొడుతున్నట్టు నటిస్తూ అటే చూస్తున్నాడు. లచ్చన్న లివరు పట్టుకున్నాడు. వేళ్లు ఒకటొకటిగా ముడుచుకున్నాయి. ఉక్కు పైపు మెల్లగా లేచింది, గాలిలో ఒక్క ఊపయినా లేకుండా తిరిగింది, చెప్పిన చోట చెప్పినట్టు కూర్చుంది.

"ఖలాస్. రేపటి నుంచి డ్యూటీ," అని ముదీర్ లేచిపోయాడు.

పప్పు అడుగంటింది. రాజలింగు లారీ ముందద్దం మొత్తానికీ ఆకుపచ్చ రంగు కొట్టేశాడు.

ఆ శుక్రవారం గోల్కొండ యుద్ధం జరిగింది. గోడకు ఆనుకుని చూసేవాళ్లు, కిటికీల్లోంచి చూసేవాళ్లు, అరుపులు, ఈలలు!

"లచ్చన్నా, నువ్వు ఎవలదిక్కు?" అన్నాడు మొహిద్దీన్.

"ఈన నాతోని ఇన్ని దినాలు గుండీలు దిద్దిపిచ్చిండు సాబ్. నేను మొగలాయిలదిక్కే!"

మెస్ ఘొల్లుమంది. సూరిబాబు అతనికి తన పెద్ద ఫిరంగిని అప్పగించాడు. లచ్చన్న పాచికలు కుడి గుప్పిట్లో బిగించి, గలగలలాడించి, బల్ల మీద విసిరాడు. రెండూ ఆర్లే! మొహిద్దీన్ టేపు పెట్టి కొలిచి, గోల్కొండ గుర్రపుదళాన్ని వరసకు వరసే పడుకోబెట్టాడు.

ఆ దెబ్బకు రాజలింగు గావుకేక పెట్టాడు. కూలిపోయిన సైన్యం వైపు కన్నెత్తి చూడలేదు. "పట్టుడు జూసిండ్రా! ఇసురుడు జూసిండ్రా!" అంటూ లచ్చన్నను భుజాల మీదికి ఎత్తుకుని మెస్ చుట్టూ గంతులేయడం మొదలుపెట్టాడు.

"దింపండి బాబూ! కోట తలుపులింకా పగలగొట్టలేదండీ!" అని సూరిబాబు వెంటపడ్డాడు.

మొహిద్దీన్ గబగబా పుస్తకం తిరగేశాడు. ఓడిన సేనాపతి శత్రువును భుజాన ఎక్కించుకుని ఊరేగితే గెలుపు ఎవరికివ్వాలో అందులో ఎక్కడా రాసి లేదు.