నేల మీద రెండు చరుపులు

నా చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం కాగానే మా అమ్మ గాజులు తీసి ఫ్రిజ్ మీద పెట్టేది. వారమంతా చేతినిండా ఉండే మట్టిగాజుల్ని ఆ ఒక్క పూట ఎందుకు తీస్తుందో నేనెప్పుడూ అడగలేదు. కొందరు శనివారం ఉపవాసం ఉంటారు, కొందరు శుక్రవారం తలంటుకుంటారు, మా ఇంట్లో ఆదివారం గాజులు తీస్తారు కాబోలు అనుకునేదాన్ని. మా నాన్న, బీరు కూడా అమ్మే కాఫీ దుకాణంలో తాగి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని మెలితిప్పితే గాజులు పగిలి చర్మంలో దిగబడతాయని, అందుకే ముందే తీసేస్తోందని తెలిసేసరికి నాకు తొమ్మిదేళ్లు వచ్చాయి.

అప్పుడు మేము సింగపూరులో, ఆంగ్ మో కియో పేటలో కొత్తగా కట్టిన ఫ్లాట్ల బ్లాకుల్లో ఉండేవాళ్లం. మా తాతలు మలయా రబ్బరు తోటలకు వలస వెళ్లినవాళ్లు. అమ్మా నాన్నా అక్కడే పుట్టి పెరిగి, పెళ్లయ్యాక పని వెతుక్కుంటూ కిందికి సింగపూరు వచ్చారు. మా నాన్న లారీ తోలేవాడు. వారమంతా నోట్లో నాలుక లేనట్టే ఉండేవాడు. చూసినవాళ్లు ఎంత నెమ్మదస్తుడో అనేవారు. ఆదివారం తాగి వచ్చాక ఆ నెమ్మదితనం ఎక్కడికి పోయేదో. బెల్టు, చెప్పు, గరిటె, ఏది చేతికందితే దానితో కొట్టేవాడు. ఒకసారి ఇత్తడి చెంబు విసిరితే అమ్మ ముందుపన్ను సగానికి విరిగింది. ఆ సగం ముక్క నేను మంచం కింద వెతికి తెచ్చి ఇస్తే, పారెయ్యమంది. గోడలు పల్చన కాబట్టి ఇరుగుపొరుగుకి అంతా వినబడేది. మా ఇంట్లో కొట్లాట మొదలవగానే పక్కింట్లో టీవీ గట్టిగా మోగేది. పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారని అమ్మ సర్దిచెప్పేది. నాకు మాత్రం వాళ్ల మీద ఇప్పటికీ మంటే.

అమ్మకి ఒక్కడే తమ్ముడు. సెంబవాంగ్‌లో ఓడలు బాగుచేసే యార్డులో వెల్డింగ్ పని చేసేవాడు. మా మావయ్య ఎండు మిరపకాయలా ఉండేవాడు, మనిషీ అంతే, కోపమూ అంతే. అక్కని కొడుతుంటే అడ్డం వెళ్లేవాడు. మా నాన్న బస్తాలు మోసి గట్టిపడ్డ మనిషి, ఒక్క తోపుతో ఈయన్ని గోడకి కొట్టేవాడు. ఒక ఆదివారం అలా కొట్టినప్పుడు మావయ్య భుజం కీలు తప్పింది. కట్టు విప్పిన రోజున ఆయన మా వంటింట్లో కూర్చుని, బావని ఒక్కసారి నేలకేసి కొట్టి తీరతానని, తర్వాత ఏమైనా పరవాలేదని అమ్మతో చెప్పాడు. ఆ మాట అన్న తీరు చూస్తే ఇది ఉత్త బెదిరింపు కాదని నాకే తెలిసింది. అమ్మ ఏడ్చింది. ఆయన వెళ్లి జూడోలో చేరాడు.

యార్డుకి జపాన్ నుంచి వచ్చిన ఒక ఇంజినీరు, ఆదివారాలు ఒక పాత గోడౌన్‌లో కుర్రాళ్లకి జూడో నేర్పేవాడు. జపాను సైన్యం సింగపూరుని ఆక్రమించిన యుద్ధకాలాన్ని మా పేటలో పెద్దవాళ్లు ఇంకా మరిచిపోలేదు. జపానువాడి దగ్గరికి ఆడపిల్లని తీసుకెళ్తావా అని మావయ్యని మొహం మీదే అడిగినవాళ్లున్నారు. అయినా మావయ్య వెళ్తూ నన్నూ తీసుకెళ్లేవాడు. ఆ పూట నేను ఇంట్లో లేకపోతే చాలునని అమ్మే పంపేది.

అక్కడ నాకు మొదట కనిపించింది చెప్పులు. లోపలికి వెళ్లినవాళ్లు చెప్పులు విడిచి, వెనక్కి తిరిగి, వాటిని వాకిలివైపు మొహంపెట్టి వరసగా సర్దేవారు. ఎవరూ లేని గదికి కూడా వంగి దండం పెట్టి అడుగు పెట్టేవారు. కసరత్తు మొదలయ్యే ముందు అందరూ తడిగుడ్డలు పట్టుకుని నేలంతా పరిచిన కాన్వాసు తుడవాలి. మాస్టారు కూడా పంట్లాం మడిచి తుడిచేవాడు. కొట్టడం నేర్పమని వస్తే చేతికి గుడ్డముక్క ఇచ్చాడని మావయ్య బస్సులో ఒకటే సణుగుడు. తుడవడం అయ్యాక పడటం నేర్పేవాడు. వెనక్కి పడటం, పక్కకి పడటం, పడేటప్పుడు అరచేత్తో కాన్వాసుని చరచడం. నెలల తరబడి అదే. పడటం తన అక్కకి ఎప్పుడో వచ్చు, తను నేర్చుకునేదేముందని మావయ్య విసుక్కునేవాడు.

తర్వాత పట్లు మొదలయ్యాయి. మనుషుల్ని ఎత్తి నేలకేసి కొట్టే చప్పుడుకి రేకుల కప్పు అదిరేది. ముక్కుల్లోంచి రక్తం, పెదవులు చిట్లడం మామూలే. ఆ దెబ్బల కంటే ఆ తర్వాత జరిగేది చూసి నాకు ఆశ్చర్యం. పడేసినవాడు చెయ్యిచ్చి లేపేవాడు. పడినవాడు జారిన బెల్టు బిగించుకునేవరకు ఆగేవాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి వంగి నమస్కారం పెట్టుకునేవారు. మా ఇంట్లో కొట్టినవాడు మా అమ్మకి చెయ్యిచ్చి లేపడం నేనెన్నడూ చూడలేదు. ఒక మూల పీట మీద కూర్చుని, ఆ చెయ్యిచ్చే క్షణం కోసమే నేను చూసేదాన్ని.

ఒక ఆదివారం మెడ పట్టు నేర్పుతున్నారు. వెనకనుంచి వచ్చి మోచేతి మడతలో ఎదుటివాడి గొంతు బిగించడం. ఊపిరాడకపోతే అరచేత్తో రెండుసార్లు నేలనో, పట్టుకున్నవాడినో చరచాలి. చప్పుడు వినగానే పట్టుకున్నవాడు వదిలెయ్యాలి. మావయ్య మెడ ఒక చైనా కుర్రాడు పట్టాడు. మావయ్యకి పౌరుషం అడ్డొచ్చింది, చరచలేదు. చూస్తుండగానే ఆయన కాళ్లు వదులయ్యాయి, కళ్లు తేలేశాడు. చచ్చిపోయాడనుకుని నేను కేక పెట్టాను. మాస్టారు ఒక్క దూకులో వచ్చి, ఆ కుర్రాణ్ని లాగి పడేసి, మావయ్యని కూర్చోబెట్టి వీపు మీద చరిచాడు. మావయ్య దగ్గుతూ లేచాక మాస్టారు ఇద్దరి మీదా విరుచుకుపడ్డాడు. అంత కోపం ఆయనలో ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. మావయ్యని తిట్టింది తక్కువ, చేతిలో మనిషి బరువెక్కినా తెలుసుకోని ఆ కుర్రాణ్ని తిట్టింది ఎక్కువ.

తిట్టడం అయ్యాక నన్ను పిలిచాడు. నా ముందు వీపు తిప్పి మోకాళ్ల మీద కూర్చుని, నా చేతులు తన మెడ చుట్టూ వేసుకుని, బిగించమన్నాడు. మగవాడి గొంతు నా చేతికి దొరకడం అదే మొదలు. నేను పళ్లు బిగపట్టి నొక్కాను. ఆయన నా చేతి మీద రెండుసార్లు తట్టాడు. నాకు ఆనందం పట్టలేక ఇంకా నొక్కాను. కాన్వాసు మీద చరిచాడు. అయినా నొక్కుతూనే ఉన్నాను. ఆయన నెమ్మదిగా నా వేళ్లు విడదీసుకుని, తిరిగి నా మొహంలోకి చూశాడు. ఆయనకి ఇంగ్లీషు అంతంత మాత్రం, మాకు జపానీసు రాదు, అందుకని బజార్లో అన్ని జాతులవాళ్లూ వాడే మలయ్ భాషలో మాట్లాడేవాడు.

"పిండటం పాముకీ వచ్చు," అన్నాడు. "లెపాస్ నేర్చుకో. చెవి వినేలోపు చెయ్యి వదలాలి."

లెపాస్ అంటే వదలడం. ఆ పూటంతా ఆ గోడౌన్‌లో ఇంకేమీ జరగలేదు. జంటలుగా కూర్చుని పట్టడం, చరచడం, వదలడం. మళ్లీ పట్టడం, చరచడం, వదలడం. తర్వాతి ఆదివారాలు కూడా అదే పని. మాస్టారు ఎటో చూస్తూ, ఎవరితోనో మాట్లాడుతూ, ఉన్నట్టుండి నేల చరిచేవాడు. ఆ చప్పుడుకి గోడౌన్‌లో చేతులన్నీ ఒకేసారి తెరుచుకునేవి. బావ మెడ వదలడం నేర్చుకోడానికా తను ఇంత దూరం వస్తున్నదని మావయ్య నాతో అన్నాడు. నేను నవ్వాను కూడా.

అలా కొన్ని నెలలు గడిచాక ఒక ఆదివారం, ఇంకా ఎండ ఉండగానే ఇంటికి వచ్చాం. కారిడార్లోకి రాగానే పక్కింటి టీవీ మోత వినబడింది. మావయ్య పరిగెత్తాడు. ఆ రోజు నాన్న తొందరగా వచ్చేశాడు, అమ్మకి గాజులు తీసే వ్యవధి దొరకలేదు. వంటింట్లో ఆమె జుట్టు పట్టుకుని తలని సింకు అంచుకేసి కొడుతున్నాడు. ఆమె రెండు చేతులనిండా రక్తం, కిందంతా గాజుముక్కలు. మావయ్య వెనకనుంచి చొక్కా పట్టి లాగి, తుంటి మీదుగా ఎత్తి నేలకేసి కొట్టాడు. ఇన్నాళ్లూ ఆయన ఎదురుచూసిన దెబ్బ అదే. అక్కడితో ఆగిపోయుంటే ఎంత బాగుండేది. నాన్న లేస్తూ కత్తిపీట వైపు చెయ్యి చాచాడు. మావయ్య ఆయన వెనక్కి చేరి మెడ పట్టేశాడు.

ఆ పట్టులో నాన్న మొహం మొదట ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. మడమలు నేలకి కొట్టుకుంటున్నాయి. గోళ్లతో మావయ్య చేతులు గీరుతున్నాడు. చరచాలని ఆయనకేం తెలుసు? మావయ్య కళ్లు గట్టిగా మూసుకుని, అక్క పన్ను, అక్క మణికట్టు, అక్క చెవి అంటూ ఏవో లెక్కలు అప్పజెబుతున్నాడు. అమ్మ పాకుతూ వెళ్లి ఆయన చెయ్యి లాగబోయింది. రక్తానికి చెయ్యి జారిపోయింది.

"ఒగ్గీరా తమ్ముడూ, సచ్చిపోతాడు," అంది. "నిన్నట్టుకుపోయి ఉరి తీసెస్తార్రా."

అబద్ధం కాదు. ఈ దేశంలో హత్యకి ఉరిశిక్షే. అది నాకూ తెలుసు. మావయ్యకి మాత్రం ఏ మాటా వినబడటం లేదు. నాన్న మడమలు కొట్టుకోవడం ఆగిపోయింది. ఆ కాళ్లు చూడగానే గోడౌన్‌లో వదులైన మావయ్య కాళ్లు గుర్తొచ్చాయి. ఆలోచించి చేసిందని చెప్పలేను. మావయ్య చెవి పక్కన గొంతుక్కూర్చుని, నా అరచేత్తో సిమెంటు నేలని రెండుసార్లు చరిచాను.

మావయ్య చేతులు తెరుచుకున్నాయి. ఆయన తెరవలేదు, అవే తెరుచుకున్నాయి. కళ్లు తెరిచి తన చేతులు ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. నాన్న పక్కకి దొర్లాడు. ఊపిరి ఆడుతున్న జాడ లేదు. మావయ్య మాస్టారు చేసినట్టే ఆయన్ని లేపి కూర్చోబెట్టి వీపు మీద చరిచాడు, మళ్లీ చరిచాడు. అప్పుడు రంపం కోసినట్టు ఒక పెద్ద ఊపిరి వచ్చింది. నాన్న దగ్గుతూ గోడకి ఆనుకున్నాడు. నా అరచేతిలో రెండు గాజుముక్కలు గుచ్చుకుని ఉన్నాయని నేను అప్పుడు చూసుకున్నాను.

ఆ సాయంత్రమే అమ్మా నేనూ సెంబవాంగ్‌లో మావయ్య అద్దెగదికి వెళ్లిపోయాం. మా నాన్న ఆ దెబ్బతో మంచివాడైపోయాడని రాస్తే బాగుంటుంది గానీ అలా జరగలేదు. బావమరిది చంపబోయాడని ఊరంతా చెప్పుకు తిరిగాడు, ఆ మాట నిజమే కాబట్టి మేమూ కాదనలేదు. మళ్లీ ఆయనతో కాపురం మాత్రం అమ్మ చెయ్యలేదు. ఆ తర్వాత ఏ ఆదివారమూ ఆమె గాజులు తియ్యలేదు.

మరుసటి వారం మావయ్య మాస్టారు ముందు మోకాళ్ల మీద కూర్చుని జరిగిందంతా చెప్పాడు. మెచ్చుకుంటాడని నేను ఆశపడ్డాను. ఆయన చివరిదాకా విని, తను చెప్పేవరకు ఎవరి మీదా చెయ్యి వెయ్యొద్దని, వచ్చి కాన్వాసు తుడిచి వెళ్లమని అన్నాడు. మావయ్య లేచి తడిగుడ్డ అందుకున్నాడు. అప్పుడు మాస్టారు నావైపు తిరిగి, నేల చరిచింది నాన్న కోసమా అని అడిగాడు.

"కాదు. మావయ్య కోసం," అన్నాను.

నా చెయ్యి తీసుకుని కట్టు చూశాడు. తర్వాత తన రెండు అరచేతులూ కాన్వాసు మీద ఆనించి, నుదురు నేలకి తాకేలా నా ముందు వంగాడు. అంత పెద్దమనిషి నాకు నమస్కారం పెడితే ఏం చెయ్యాలో తోచక నేనూ వంగాను. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు భయం వల్ల కాదు, అంతవరకే తెలుసు.

మాస్టారు తర్వాత ఒకటి రెండేళ్లకి వాళ్ల దేశం వెళ్లిపోయాడు. నాన్న కూడా పోయి చాలా కాలమైంది. ఆయన్ని నేను క్షమించానా అని మా అమ్మాయి ఒకసారి అడిగింది. క్షమించలేదు. పట్టుకుని మాత్రం లేను. ఈ రెండింటికీ ఉన్న తేడా ఆమెకి మాటల్లో చెప్పలేకపోయాను, ఆ గోడౌన్‌లో ఒక పూట కూర్చోబెడితే తెలిసేది.

పోయిన నెల మావయ్య టాంపినీస్‌లో మా ఫ్లాటుకి వచ్చాడు. డెబ్బై దాటినా ఇంకా ఎండు మిరపకాయే. టీ కప్పు పట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. మా మనవళ్లిద్దరూ కింద కుస్తీ పడుతున్నారు. పెద్దవాడు చిన్నవాడి మీదెక్కి కూర్చున్నాడు. కింద పడ్డవాడు నవ్వలేక, ఊపిరాడక, అరచేత్తో నేలని టపటపా రెండుసార్లు కొట్టాడు. వాడికెవరూ నేర్పలేదు.

మావయ్య చేతిలోంచి కప్పు జారి పడి ముక్కలైంది.

పిల్లలు గతుక్కుమని లేచారు. "నాట్ మీ లా, అమ్మమ్మా, నేను పగలగొట్టలేదు," అన్నాడు పెద్దవాడు. మావయ్య తెరుచుకుని ఉన్న తన చేతుల్ని చూసుకున్నాడు, తర్వాత నన్ను చూశాడు. నేను ముక్కలు ఏరడానికి వంగాను. సిమెంటు మీద కొట్టిన ఆ రోజు ఎలా మండిందో, నా అరచెయ్యి అలాగే మండింది.