వదినకు ఈత నేర్పిన వానాకాలం

నా కుడి భుజం చెడిపోయిన ఏడాది, ఈత సామానంతా సంచిలో కుక్కి కోరుట్లలో మా ఇంటి సజ్జ మీద పడేశాను. అప్పటికే, రెండు చేతులూ ఒకేసారి నీళ్ల మీదుగా విసిరి ఈదే బటర్‌ఫ్లైలో రాష్ట్రం తరఫున జాతీయ పోటీలకు వెళ్లొచ్చినదాన్ని. దేశ జట్టు కోసం జరిగిన ఎంపిక పోటీలో, సగం దూరంలో భుజం పట్టేసింది. ఎడమ చేత్తో గట్టు పట్టుకుని బయటికి వచ్చాను. తర్వాత ఆపరేషన్. హైదరాబాద్ నుంచి కోచ్ ఫోన్ చేస్తే ఎత్తేదాన్ని కాదు.

అన్న దుబాయిలో ఉంటాడు. ఇంట్లో అమ్మ, వదిన, నేను. చెయ్యి పైకి లేవదు కాబట్టి పొద్దున్నే వదినే నాకు తల దువ్వి జడ వేసేది. ఆపైన ఇద్దరం బస్సెక్కి జగిత్యాలలో ఫిజియోథెరపీకి వెళ్లేవాళ్లం. బస్సులో ఆమె ఎప్పుడూ నా కుడిపక్కనే కూర్చునేది, ఎవరూ భుజానికి తగలకుండా. ఈత సంగతి మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు.

చెయ్యి కాస్త లేస్తున్న వానాకాలంలో, సిరిసిల్ల దగ్గర తన పుట్టింటికి నన్నూ తీసుకెళ్లింది. వాళ్ల పొలంలోని మెట్ల బావిలో నీళ్లు పై మెట్ల దాకా వచ్చాయి. మర్నాడు వదిన, నేను సజ్జ మీద పడేసిన సంచి పట్టుకుని నా ముందు నిలబడింది.

“నీ ఈత బట్టలు తెచ్చిన. కోపం జెయ్యకు.”

“నేను ఈదను వదినా.”

“నువ్వు ఈదుడు గాదు, నాకు నేర్పు. చిన్నప్పటిసంది గీ బావిల దిగాల్నని ఉండె. ఆడపిల్లవని మా నాయిన దిగనియ్యలె.”

పాత పంజాబీ డ్రెస్సు వేసుకుని, తేలడానికి నడుముకు ఖాళీ నూనె డబ్బా కట్టుకుని దిగింది. ఆమెను పట్టుకోవడానికి నేనూ దిగాను. నీళ్లు నడుము దాకా రాగానే నా మెడ పట్టుకుంది. ఆమె వీపు కింద నా ఎడమ చెయ్యి పెట్టి వెల్లకిలా పడుకోబెడితే ఒళ్లంతా వణికింది. అయినా రోజూ దిగేది. ఒక పొద్దున ఆ వణుకు పోయింది. ఆకాశం చూస్తూ అలాగే తేలుతూ అడిగింది.

“నువ్వు ఈదేటప్పుడు ఏం యాది జేస్తవు?”

“టైం. పక్క లైన్ల పిల్ల ఎక్కడున్నదని.”

“నాకైతే ఏం యాదికొస్తలేదు. మీ అన్న గూడ.”

అని నవ్వి, ఆ నవ్వుతోనే మునిగి నీళ్లు మింగింది. పైకి లేపుతూ నేనూ నవ్వాను. ఆపరేషన్ తర్వాత నేను అంతగా నవ్వింది అప్పుడే.

ఆమె మెట్ల మీద కూర్చుని జుట్టు పిండుకుంటుంటే నేను నీళ్లలోనే ఉండిపోయాను. కుడి చెయ్యి మెల్లగా చాపి అవతలి గోడ దాకా వెళ్లాను. నొప్పి ఉంది. ఎంత సేపట్లో వెళ్లానో చూసేవాళ్లు లేరు. తిరిగొచ్చాక మళ్లీ వెళ్లాలనిపించింది.

ఆ సాయంత్రం కోచ్‌కు నేనే ఫోన్ చేశాను. బటర్‌ఫ్లైకి భుజం ఇక తట్టుకోదని డాక్టర్ అనడంతో, చేతులు నీళ్ల మీదికి ఎత్తనక్కర్లేని బ్రెస్ట్‌స్ట్రోక్ మొదటినుంచి సాధన చేశాను. నాకంటే చాలా చిన్నవాళ్లు నన్ను దాటిపోయేవారు. ఏడ్చిన రోజులున్నాయి. చాలాకాలానికి మళ్లీ జాతీయ పోటీల్లో ఫైనల్‌కు చేరాను. పతకం రాలేదు. గదికి రాగానే వదిన ఫోన్ చేసింది.

“ఎన్నో నంబరొచ్చింది?”

“ఐదు.”

“ఈదుతుంటె మంచిగనిపిచ్చిందా?”

“మంచిగనిపిచ్చింది వదినా.”

“గట్లయితె పోయి అన్నం తిను. మల్ల మాట్లాడుదం.”